ఇంటి బీరుకు ఏ ఈస్ట్, ఎన్ని రోజులు: పాత్ర పెట్టే చోటును బట్టి ఎంపిక

ఇంట్లో బీరు కాచుకోవడం కొత్తగా మొదలుపెట్టినవారు అన్నిటికంటే ముందు అడిగే ప్రశ్న, ఎన్ని రోజులు పులియనివ్వాలి అన్నది. బీరు కిట్‌తో వచ్చే సూచనల కాగితం తడుముకోకుండా ఐదారు రోజులనో, వారమనో చెప్పేస్తుంది. అది పూర్తిగా అబద్ధం కాదు గాని, ఏ ఈస్ట్‌తో, ఎంత వేడిలో, ఎంత చిక్కని మాల్టు రసంలో (మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీ నుంచి తీసిన తియ్యటి రసం) అన్న మూడు సంగతులు తేల్చకుండా రోజుల లెక్క చెప్పడంలో అర్థం లేదు. ఒకేసారి కాచిన రసాన్ని మూడు పాత్రల్లో పోసి, ఒకదానిలో నార్వే రైతుల క్వైక్ ఈస్ట్, రెండోదానిలో అమెరికన్ ఏల్ ఈస్ట్ (ఏల్ అంటే గది వేడికి దగ్గర్లో పులిసే బీరు), మూడోదానిలో లాగర్ ఈస్ట్ (లాగర్ అంటే చల్లగా, నెమ్మదిగా పులిసే బీరు) వేసి, వాటికి తగిన వేడిలో ఉంచితే, మొదటిది వారంలోపే సీసాలోకి వెళ్లవచ్చు, రెండోది రెండు వారాలు అడుగుతుంది, మూడోది రెండు నెలల దాకా తీసుకుంటుంది. మూడింటిలో ఏదీ ఆలస్యమైనట్టు కాదు, ఏదీ తొందరపడినట్టూ కాదు.

చాలా మార్గదర్శకాలు ముందు ఏ రకం బీరు కావాలో ఎంచుకోమని, తరువాత దానికి తగిన ఈస్ట్ కొనుక్కోమని చెబుతాయి. నా సలహా ఈ వరసను తిరగేయమని. పాత్ర పెట్టబోయే చోట వేడి ఎంత ఉంటుంది, దాన్ని కనీసం మొదటి మూడు రోజులు హెచ్చుతగ్గులు లేకుండా నిలపగలరా, ఎన్నాళ్లు ఆగగలరు అన్నవి ముందు తేల్చుకోవాలి. వాటికి సరిపోయే ఈస్ట్ ఏదో తెలిశాక, ఆ ఈస్ట్ చక్కగా చేయగల బీరును ఎంచుకోవాలి. 25 డిగ్రీల గదిలో పిల్స్‌నర్ అనే లాగర్ కాయబోయి నిరాశపడటం కంటే, అదే గదిలో వేడిని కోరుకునే సైజన్ అనే బెల్జియన్ బీరు కాచుకోవడం తెలివైన పని. ఇక్కడ చెప్పే లెక్కలన్నీ 19 లీటర్ల, అంటే అమెరికా కొలతలో 5 గ్యాలన్ల పాత్రకు, 1.050 ఆరంభ గ్రావిటీ (నీటిని 1.000 అనుకుంటే రసం ఎంత చిక్కనో చెప్పే అంకె; చక్కెర తగ్గేకొద్దీ ఇది తగ్గుతుంది) ఉన్న మామూలు రసానికి వర్తిస్తాయి. డిగ్రీలన్నీ సెల్సియస్‌లోనే ఉన్నాయి.

చట్టం గురించి ఒక మాట చెప్పి అసలు విషయానికి వస్తాను. అమెరికాలో ఇంటి అవసరానికి బీరు కాచుకోవడాన్ని ఫెడరల్ చట్టం 1979 ఫిబ్రవరి నుంచి అనుమతిస్తోంది. ఇద్దరు లేదా అంతకంటే ఎక్కువ మంది వయోజనులున్న ఇంటికి ఏడాదికి 200 గ్యాలన్లు, ఒక్కరే ఉంటే 100 గ్యాలన్లు పరిమితి, అమ్మకం నిషిద్ధం. రాష్ట్రాల్లో చిట్టచివరగా మిసిసిపీ, అలబామా 2013లో దీనికి తలుపు తెరిచాయి. బ్రిటన్‌లో లైసెన్సు అవసరం 1963లోనే తొలగిపోయింది. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో మాత్రం లైసెన్సు లేకుండా ఇంట్లో బీరు తయారుచేయడం ఎక్సైజ్ చట్టం కింద నేరం కాబట్టి, ఈ సలహా డాలస్‌లోనో, న్యూజెర్సీలోనో, లండన్‌లోనో ఉంటూ ఈ పని చేసుకోగల తెలుగువారికే పనికొస్తుంది.

పాత్రలో జరిగే పని

ఈస్ట్ వేసిన తరువాత మొదటి పన్నెండు గంటలు, ఒక్కోసారి రోజంతా, పైకి ఏమీ కనబడదు. ఆ సమయంలో ఈస్ట్ కణాలు రసంలో కరిగి ఉన్న ఆక్సిజన్‌ను వాడుకుని, కణపొరలకు కావలసిన స్టెరాల్స్‌ను సమకూర్చుకుని, విభజనకు సిద్ధపడతాయి. తరువాతి రెండు నుంచి నాలుగు రోజులు నురుగు పొంగే దశ. చక్కెరలో అధికభాగం ఆల్కహాల్‌గా, కార్బన్ డయాక్సైడ్‌గా మారేది అప్పుడే. మూతకు బిగించే ఎయిర్‌లాక్‌లో (లోపలి వాయువును బయటికి పంపి, బయటి గాలిని రానివ్వని గొట్టం) బుడగలు గబగబా వస్తూ చూడముచ్చటగా ఉండే ఈ దశనే చాలామంది మొత్తం కిణ్వనం అనుకుంటారు. నిజానికి బీరు రుచి బాగుపడేది బుడగలు నెమ్మదించాకనే.

కిణ్వనం తనంతట తాను వేడి పుట్టిస్తుందన్న సంగతిని కొత్తవారు తరచుగా మరిచిపోతారు. జోరుగా పులుస్తున్న 19 లీటర్ల రసం చుట్టూ ఉన్న గాలి కంటే మూడు నాలుగు డిగ్రీలు ఎక్కువ వేడిగా ఉండటం మామూలే కాబట్టి, గోడ మీద థర్మోస్టాట్ 22 చూపిస్తుంటే పాత్ర లోపల 25 ఉండవచ్చు. ఈస్ట్ పొట్లం మీద రాసి ఉండే ఉష్ణోగ్రత రసానిది, గదిది కాదు. పాత్ర గోడకు అంటించే థర్మామీటర్ పట్టీ చాలా చవకగా దొరుకుతుంది. ఖరీదైన సామగ్రి ఏది కొన్నా దీని తరువాతే కొనాలని నా ఉద్దేశం.

పళ్ల వాసననిచ్చే ఎస్టర్లు, ఘాటైన ఫ్యూజెల్ ఆల్కహాళ్లు ఎక్కువగా పుట్టేది కణాలు పెరిగే తొలి రెండు మూడు రోజుల్లోనే. అందువల్ల చల్లదనాన్ని జాగ్రత్తగా కాపాడవలసింది ఆ రోజుల్లోనే. ఆ తరువాత రసం రెండు మూడు డిగ్రీలు వేడెక్కితే నష్టం లేకపోగా మేలే జరుగుతుంది. రెండు వారాల పాటు ఫ్రిజ్‌ను కేటాయించలేనివారికి ఇది పెద్ద వెసులుబాటు. పాత్రను నీళ్ల తొట్టిలో నిలబెట్టి, గడ్డకట్టిన నీళ్ల సీసాలను పూటకొకటి మారుస్తూ, మూడు రోజులు 18 నుంచి 20 మధ్య ఉంచగలిగితే సగం యుద్ధం గెలిచినట్టే.

బుడగలు తగ్గిన తరువాత ఈస్ట్ తాను వదిలిన వాటినే మళ్లీ తీసుకుని శుభ్రం చేస్తుంది. వీటిలో ముఖ్యమైనవి రెండు: పచ్చి ఆపిల్ వాసన గల ఎసిటాల్డిహైడ్, వెన్న వాసన గల డైఎసిటైల్. ఈస్ట్ పెరుగుతున్నప్పుడు ఆల్ఫా ఎసిటోలాక్టేట్ అనే పదార్థం కణం నుంచి బయటికి కారుతుంది. అది రసంలో మెల్లగా డైఎసిటైల్‌గా మారుతుంది. దాన్ని ఈస్ట్ తిరిగి లోపలికి లాక్కుని వాసన లేని పదార్థాలుగా మార్చివేస్తుంది. మొదటి మార్పు చల్లదనంలో చాలా నెమ్మదిగా జరుగుతుంది కాబట్టి, బీరును తొందరపడి చల్లబరిస్తే అప్పటికి ఏ వాసనా లేకపోయినా సీసాలోకి వెళ్లాక వెన్న వాసన బయటపడవచ్చు. వెన్న వాసన మన ముక్కుకు ఇంపైనదే గాని, పిల్స్‌నర్‌లో అది ఎవరికీ నచ్చదు. కిట్ కాగితం చెప్పే వారం రోజుల్లో లోపించేది ఈ శుభ్రం చేసే గడువే. గ్రావిటీ ఆరో రోజుకు ఆగిపోయినా, ఈస్ట్‌కు మరో నాలుగైదు రోజుల పని మిగిలే ఉంటుంది.

తాటికల్లు, ఈతకల్లు పులిసే తీరు దీనికి పూర్తిగా భిన్నం. కల్లు కుండలోకి ఏ ఈస్ట్, ఏ బాక్టీరియా చేరాలో గీత కార్మికుడు ఎంచుకోడు, ఎంచుకోవలసిన పనీ లేదు. పొద్దున తియ్యగా ఉన్నది సాయంత్రానికి పులుపెక్కుతుందని అందరికీ తెలుసు, ఆ లోపే తాగేస్తారు. బీరులో మాత్రం మరిగించి చల్లార్చిన రసంలోకి ఒక్క ఎంచుకున్న ఈస్ట్‌ను తప్ప మరొకదాన్ని రానివ్వం. ఒకే కణం నుంచి పెంచిన శుద్ధమైన ఈస్ట్‌ను బీరు తయారీలోకి తెచ్చినవాడు కోపెన్‌హాగన్‌లోని కార్ల్స్‌బెర్గ్ ప్రయోగశాలలో పనిచేసిన ఎమిల్ క్రిస్టియన్ హాన్సెన్; అది 1883 నాటి సంగతి. ఈస్ట్‌ను ఎంచుకోవడం అన్న మాటకు అర్థం వచ్చింది అప్పటి నుంచే.

అమెరికన్ ఏల్, ఇంగ్లీష్ ఏల్

మొదటి పాత్రకు ఎవరైనా సలహా అడిగితే నేను సేఫ్ఏల్ యూఎస్-05 అనే పొడి ఈస్ట్ పేరే చెబుతాను. కాలిఫోర్నియాలోని చికో పట్టణంలో 1980లో బీరు కాయడం మొదలుపెట్టిన సియెరా నెవాడా వాడే ఈస్ట్ కుటుంబానికి చెందినదిగా దీనికి పేరు. వైయీస్ట్, వైట్ ల్యాబ్స్ అనే కంపెనీలు ద్రవరూపంలో అమ్మే 1056, డబ్ల్యూఎల్‌పీ001 కూడా ఈ కోవలోనివే. దీని గుణం తన రుచిని ముందుకు నెట్టకపోవడం. హాప్స్ (బీరుకు చేదునూ వాసననూ ఇచ్చే పువ్వులు) వేస్తే హాప్స్ రుచే, మాల్టు వేస్తే మాల్టు రుచే కనిపిస్తుంది. చక్కెరలో సుమారు 80 శాతం తింటుంది, అంటే 1.050 దగ్గర మొదలైన రసం 1.010 దగ్గర ఆగి 5.2 శాతం ఆల్కహాల్ ఇస్తుంది. 18 నుంచి 21 డిగ్రీల మధ్య హాయిగా పనిచేస్తుంది. 16 దగ్గర పులియబెడితే పీచ్ పండును తలపించే వాసన వస్తుందని దీన్ని వాడే చాలామంది చెబుతారు. త్వరగా అడుగుకు దిగకపోవడం ఒక్కటే దీనిలోని లోపం, దానికి ఓపిక ఉంటే చాలు. కాచిన రోజు నుంచి పద్నాలుగు రోజులకు సీసాల్లో నింపే ప్రణాళిక దీనికి సరిగ్గా సరిపోతుంది.

సేఫ్ఏల్ ఎస్-04 ఇంగ్లీష్ కోవకు చెందినది. ఇది జోరుగా మొదలై, మూడు నాలుగు రోజుల్లో ప్రధానమైన పని ముగించి, గుంపులుగా కలిసి అడుగున గట్టి పొరలా కూర్చుంటుంది. బీరు త్వరగా తేరుకుంటుంది, సీసాలోకి మడ్డి తక్కువగా వస్తుంది. చక్కెరను కొంచెం ఎక్కువగా మిగులుస్తుంది కాబట్టి అదే రసం 1.012 దగ్గర ఆగవచ్చు. పోర్టర్, స్టౌట్, బిట్టర్ వంటి నిండైన బీర్లకు అదే కావాలి. కాని ఇది వేడిని సహించదు. రసం 21 దాటితే పళ్ల వాసన, రొట్టె పులుపు వాసన మితిమీరతాయి, కాబట్టి మొదటి మూడు రోజులు 18 దగ్గర ఉంచగలవారికే దీన్ని సూచిస్తాను. మరో చిక్కు, చలికాలంలో రాత్రి గది చల్లబడితే ఇది పని పూర్తికాకముందే అడుగుకు దిగి కూర్చునే అవకాశం ఉంది. అప్పుడు పాత్రను నెమ్మదిగా కదిపి, 20 డిగ్రీలకు తెస్తే మళ్లీ లేస్తుంది.

ఈ రెండింటి మధ్య ఎటూ తేల్చుకోలేనివారికి లాలెమాండ్ వారి నాటింగ్‌హామ్ ఉంది. తటస్థమైన రుచి, అడుగుకు త్వరగా దిగే గుణం రెండూ దీనిలో ఉన్నాయి. అంతకుమించి, మిగిలిన ఏల్ ఈస్ట్‌లు మొరాయించే 14, 15 డిగ్రీల్లో కూడా శుభ్రంగా పులియబెడుతుంది. మిన్నెసోటా, షికాగో ప్రాంతాల్లో చలికాలంలో నేలమాళిగలో పాత్ర పెట్టేవారికి దీన్ని మించినది లేదని నా నమ్మకం. అయితే అంత చల్లదనంలో రెండు వారాలకు బదులు మూడు వారాలు ఆగాలి.

లాగర్: ఓపిక ఎంత, ఫ్రిజ్ ఉందా

ఏల్ ఈస్ట్ శాక్రోమైసిస్ సెరివిసియే అయితే, లాగర్ ఈస్ట్ శాక్రోమైసిస్ పాస్టోరియానస్. ఇది సెరివిసియేకూ, చలిని తట్టుకునే శాక్రోమైసిస్ యూబయానస్ అనే మరో జాతికీ పుట్టిన సంకరం. ఈ రెండో తల్లిదండ్రి ఎవరో చాలాకాలం తెలియలేదు. 2011లో అర్జెంటీనాలోని పటగోనియా అడవుల్లో బీచ్ జాతి చెట్ల మీద దాన్ని గుర్తించారు. చలిలో పనిచేయగల శక్తి లాగర్ ఈస్ట్‌కు అటు నుంచే వచ్చింది.

పద్ధతి ప్రకారం చేస్తే, సేఫ్‌లాగర్ డబ్ల్యూ-34/70 వంటి ఈస్ట్‌ను 10 నుంచి 13 డిగ్రీల మధ్య పది పన్నెండు రోజులు పులియబెట్టి, చక్కెరలో ముప్పాతిక వంతు ఖర్చయ్యాక వేడిని 17, 18కి పెంచి మూడు రోజులు డైఎసిటైల్ విరామం ఇచ్చి, ఆ తరువాత 0 నుంచి 2 డిగ్రీల మధ్య నాలుగు నుంచి ఆరు వారాలు నిలవ ఉంచాలి. చలిలో కణాలు నెమ్మదిగా పెరుగుతాయి కాబట్టి ఈస్ట్ రెట్టింపు కావాలి. ఏల్‌కు మిల్లీలీటరుకు, ఒక ప్లేటో డిగ్రీకి (రసంలోని చక్కెర శాతాన్ని చెప్పే కొలమానం) 7.5 లక్షల కణాలు చాలంటే, లాగర్‌కు 15 లక్షలు వేయడం ఆనవాయితీ. పొట్లాల్లో చెప్పాలంటే ఏల్‌కు ఒకటి, లాగర్‌కు రెండు. ఇంత చేయాలంటే ఉష్ణోగ్రతను నియంత్రించే పరికరం తగిలించిన విడి ఫ్రిజ్ ఉండి తీరాలి. వంటింటి ఫ్రిజ్ దీనికి పనికిరాదు, ఎందుకంటే అది 4 డిగ్రీల దగ్గర ఉంటుంది, అంత చలిలో లాగర్ ఈస్ట్ కూడా ముడుచుకుంటుంది.

అయితే రెండు నెలలు ఆగలేనివారికి దారి లేకపోలేదు. 12 డిగ్రీల దగ్గర మొదలుపెట్టి, చక్కెర సగం ఖర్చయ్యాక రోజుకు ఒకటి రెండు డిగ్రీల చొప్పున 18, 19 దాకా పెంచుకుంటూ పోతే, మూడు వారాల్లో సీసాకు సిద్ధమైన లాగర్ వస్తుంది. డబ్ల్యూ-34/70 అయితే మొదటి నుంచి 18 దగ్గర ఉంచినా ఎబ్బెట్టు వాసనలు పెద్దగా ఇవ్వదని చాలామంది ప్రయత్నించి చూశారు. ఇది పుస్తకాల్లోని బోహీమియన్ పిల్స్‌నర్ అంత సున్నితంగా ఉంటుందని నేను వాదించను. ఫ్రిజ్ లేని ఇంట్లో లాగర్ వంటి బీరు కావాలంటే మాత్రం ఇది నిజాయితీగల రాజీ. మరో రాజీ, నాటింగ్‌హామ్‌నో యూఎస్-05నో చల్లగా వాడి, సీసాలను ఫ్రిజ్‌లో నెల రోజులు ఉంచడం.

వేడి గదికి సరిపోయేవి

వేసవిలో డాలస్, హ్యూస్టన్ ఇళ్లలో ఏసీ వేసినా లోపల 24, 25 డిగ్రీలు ఉండటం పరిపాటి. గ్యారేజీ సంగతి చెప్పనవసరం లేదు. అటువంటి చోట ఏసీ బిల్లు పెంచుకుని ఏల్‌ను కాపాడే కంటే, వేడిని కోరుకునే ఈస్ట్‌ను తెచ్చుకోవడం మేలు.

వీటిలో మొదట చెప్పవలసింది క్వైక్. పశ్చిమ నార్వేలోని వాస్, హర్దాంగర్ వంటి ప్రాంతాల్లో రైతు కుటుంబాలు తరతరాలుగా, చెక్కతో చేసిన వలయాల మీదా గుడ్డల మీదా ఎండబెట్టి దాచుకుంటూ వచ్చిన ఈస్ట్ ఇది. లాలెమాండ్ వారి వాస్ పొట్లంలో దొరికేది ఈ కోవలోని ఒక రకం. ఇది 35 నుంచి 40 డిగ్రీల మధ్య పులిసి, మూడు నాలుగు రోజుల్లో చివరి గ్రావిటీకి చేరుతుంది. మామూలు ఏల్ ఈస్ట్ అంత వేడిలో ఇచ్చే ఘాటైన స్పిరిట్ వాసన దీనిలో రాదు. బదులుగా నారింజ తొక్క వాసన వస్తుంది. అది హాప్స్ దండిగా పడే ఐపీఏ అనే ఏల్‌కు అందంగా కుదురుతుంది, స్టౌట్‌కు అంతగా కుదరదు. ఇక్కడ రెండు జాగ్రత్తలు అవసరం. మొదటిది, 25 డిగ్రీల గదిని వేడి గది అనుకుని దీన్ని వాడితే, ఇది పనిచేస్తుంది గాని ఆ వేగం రాదు. నిజంగా నాలుగు రోజుల బీరు కావాలంటే పాత్ర చుట్టూ దుప్పటి చుట్టి, వేడి పట్టీ పెట్టి 35కు చేర్చాలి. రెండోది, క్వైక్‌కు నత్రజని పోషకాలు ఎక్కువ కావాలి, 1.040 లోపు పలుచటి రసంలో విడిగా ఈస్ట్ పోషకం వేయకపోతే నీరసంగా నడుస్తుంది.

రెండోది సైజన్. బెల్జియం పల్లెల బీరుకు చెందిన ఈ ఈస్ట్‌లు 25 నుంచి 32 డిగ్రీల మధ్య మిరియాల ఘాటు, నిమ్మజాతి పళ్ల వాసన ఇస్తాయి. ద్రవరూపంలోని వైయీస్ట్ 3724 మంచి రుచినిచ్చేదే అయినా, 1.035 దగ్గర వారాల తరబడి ఆగిపోతుందన్న చెడ్డపేరు మోస్తోంది. మొదటిసారి కాచేవారు దాని జోలికి పోకుండా లాలెమాండ్ బెల్ సైజన్ పొట్లం వాడటం మంచిది. అది ఆగదు. ఆగకపోవడమే దానితో వచ్చే చిక్కు కూడా, దాని గురించి సీసాల దగ్గర చెబుతాను.

గోధుమ బీరుకు వాడే వైయీస్ట్ 3068, డబ్ల్యూఎల్‌పీ300 వంటివి మామూలు ఏల్ ఈస్ట్‌లకూ, ఈ వేడి గది ఈస్ట్‌లకూ మధ్యలో నిలుస్తాయి. 17, 18 డిగ్రీల దగ్గర లవంగం వాసన ముందుంటుంది, 22 దాటితే అరటిపండు వాసన ముందుకొస్తుంది. తేరుకునే దాకా ఆగనవసరం లేదు, మసకగా ఉండటమే దాని పద్ధతి. పది పన్నెండు రోజులకు సీసాలో నింపి తాజాగా తాగేయాలి.

పొడి పొట్లమా, ద్రవ ఈస్టా

ఈ విషయంలో నాకు సందేహం లేదు: ఒక బీరుకు ద్రవరూపంలో మాత్రమే దొరికే ఈస్ట్ అవసరమైతే తప్ప పొడి పొట్లమే కొనండి. పదకొండు గ్రాముల పొట్లం ఫ్రిజ్‌లో రెండేళ్లు నిలవ ఉంటుంది, మామూలు ఏల్‌కు ఒకటి సరిపోతుంది, ఎండలో రెండు రోజులు కొరియర్ బండిలో తిరిగినా సాధారణంగా పనిచేస్తుంది. తయారీలోనే కణాల్లో స్టెరాల్స్ నిండి ఉంటాయి కాబట్టి మొదటిసారి వాడేటప్పుడు రసంలోకి గాలి పట్టించవలసిన అవసరం కూడా లేదు. ద్రవ ఈస్ట్ ప్యాకెట్‌లో దాదాపు పదివేల కోట్ల కణాలు ఉంటాయి, నెలలు గడిచేకొద్దీ అవి చస్తూ ఉంటాయి. లాగర్‌కైనా, చిక్కని రసానికైనా రెండు రోజుల ముందే లీటరున్నర మాల్టు రసంలో పెంచుకోవలసి వస్తుంది. ధర కూడా రెట్టింపు దాకా ఉంటుంది. గోధుమ బీర్లలోనూ, కొన్ని బెల్జియన్ రకాల్లోనూ ద్రవ ఈస్ట్ రుచికి పొడి రకాలు ఇంకా సాటిరావని ఒప్పుకుంటాను. కిట్ మూత కింద వచ్చే పేరులేని చిన్న పొట్లాన్ని మాత్రం పక్కన పెట్టి, తేదీ చూసి కొన్న పొట్లం వేస్తే, అంత తక్కువ ఖర్చుతో బీరు అంతగా మెరుగుపడే మార్గం మరొకటి ఉండదు.

పూర్తయిందని ఎలా తెలుస్తుంది

ఎయిర్‌లాక్‌ను నమ్మకూడదు. మూత సరిగా బిగియకపోతే పులుస్తున్నా బుడగలు రావు. గది వేడెక్కితే పులవడం ఆగిపోయాక కూడా కరిగి ఉన్న వాయువు బయటికొచ్చి బుడగలు కనిపిస్తాయి. గ్రావిటీని కొలిచే హైడ్రోమీటర్‌తో రెండు మూడు రోజుల ఎడంతో రెండుసార్లు కొలిచి, రెండుసార్లూ ఒకే అంకె వస్తే, ఆ అంకె ఆ ఈస్ట్ చేరవలసిన చోటుకు దగ్గరగా ఉంటే, చక్కెర పని ముగిసినట్టు. రెండు షరతులూ కలిసి నెరవేరాలి, 1.022 దగ్గర స్థిరంగా ఉన్న యూఎస్-05 పూర్తయినట్టు కాదు, ఆగిపోయినట్టు. కాంతి వంగే తీరును బట్టి చక్కెరను కొలిచే రిఫ్రాక్టోమీటర్ వాడేవారు ఆల్కహాల్ పుట్టిన తరువాత దాని లెక్క తప్పుతుందని, సవరణ సూత్రం వాడాలని గుర్తుంచుకోవాలి.

తరువాత డైఎసిటైల్ పరీక్ష. రెండు గ్లాసుల్లో కొద్దిగా బీరు తీసి మూతపెట్టి, ఒకదాన్ని 60 నుంచి 70 డిగ్రీల వేడినీటిలో ఇరవై నిమిషాలు ఉంచి, చల్లార్చి, రెండింటినీ వాసన చూడాలి. వేడిచేసిన దానిలో వెన్న వాసన వచ్చిందంటే బీరులో ఇంకా డైఎసిటైల్‌గా మారవలసిన పదార్థం ఉన్నట్టు. పాత్రను 20 దగ్గర మరో మూడు నాలుగు రోజులు ఉంచి మళ్లీ చూడాలి. మరిగేటప్పుడు కాక, పులిసే పాత్రలోనే హాప్స్ వేసిన (డ్రై హాపింగ్) బీరులో ఈ పరీక్ష మరీ అవసరం, ఎందుకంటే హాప్స్‌లోని ఎంజైములు ఈస్ట్ తినలేని చక్కెరలను విడగొట్టి కిణ్వనాన్ని మళ్లీ మొదలుపెట్టగలవు, దానితో పాటే డైఎసిటైల్ కూడా తిరిగి రాగలదు.

ఎక్కువ రోజులు ఉంచితే ఈస్ట్ చచ్చి బీరు పాడవుతుందన్న భయం పాత పుస్తకాల నుంచి వచ్చింది. వారం కాగానే రెండో పాత్రలోకి మార్చమని అవి చెప్పేవి. పెద్ద బ్రూవరీల్లో టన్నుల బరువున్న బీరు కింద నలిగే ఈస్ట్‌కు వర్తించే ఆ భయం, 19 లీటర్ల పాత్రకు మూడు నాలుగు వారాల లోపు వర్తించదు. పాత్ర మార్చేటప్పుడు గాలి తగిలి జరిగే నష్టమే ఎక్కువ. కాబట్టి వారాంతం కుదరక సీసాల్లో నింపడం వారం ఆలస్యమైతే కంగారుపడనవసరం లేదు. ఆరంభ గ్రావిటీ 1.090 దాటిన బార్లీవైన్ వంటి గట్టి బీర్లు వేరే లెక్క; వాటికి ఈస్ట్ రెట్టింపు, పాత్రలో నెల రోజులు, సీసాలో ఆరు నెలలకు తక్కువ కాకుండా పడుతుంది. మొదటి ఏడాది వాటి జోలికి పోవద్దని నా సలహా.

సీసాల దగ్గర జాగ్రత్త

తొందరపాటు రుచిని మాత్రమే పాడుచేస్తే ఫరవాలేదు. సీసా దగ్గర అది ప్రమాదం కూడా. 19 లీటర్లకు 110 నుంచి 120 గ్రాముల పంచదార వేస్తే ఏల్‌కు తగినంత వాయువు పుడుతుంది. పులియవలసిన గ్రావిటీ ఇంకా మిగిలి ఉండగానే నింపితే, మిగిలిన ఒక్కో పాయింటు (గ్రావిటీలో 0.001) సుమారు అర వాల్యూమ్ (బీరు పరిమాణంలో సగమంత) వాయువును అదనంగా చేరుస్తుంది. నాలుగు పాయింట్లు ముందుగా నింపారంటే మామూలుగా ఉండవలసిన రెండున్నర వాల్యూములు నాలుగున్నర అవుతాయి, సాధారణ బీరు సీసా దాన్ని ఆపలేక పగిలిపోవచ్చు.

బెల్ సైజన్ దగ్గర దాటవేసిన సంగతి ఇదే. అది డయాస్టాటికస్ రకానికి చెందినది. మిగతా ఈస్ట్‌లు తినలేని డెక్స్‌ట్రిన్‌లనే పొడవాటి చక్కెరలను విడగొట్టే ఎంజైమును అది బయటికి వదులుతుంది, కాబట్టి నెమ్మదిగా తింటూ 1.004కు, ఒక్కోసారి 1.002కు దిగుతుంది. 1.010 చూసి ఏల్ లాగే ముగిసిందనుకుని సీసాలో నింపడం దీనితో అస్సలు కుదరదు. అది మూడు వారాలు పాత్రలో ఉండాలి. గోధుమ బీరుకు అమ్మే సేఫ్ఏల్ డబ్ల్యూబీ-06 కూడా ఇదే కోవకు చెందినది. ఇటువంటి ఈస్ట్ వాడిన ప్లాస్టిక్ గొట్టాలు, గీతలు పడిన ప్లాస్టిక్ బకెట్లు ఎంత కడిగినా కొన్ని కణాలను దాచుకోగలవు, ఆ తరువాత కాచిన ఏల్‌లోకి అవి చేరితే సీసాలో మళ్లీ పులియడం మొదలవుతుంది. కాబట్టి సైజన్‌కు విడి గొట్టం పెట్టుకోవడం మంచిది.

నింపిన సీసాలను 20 నుంచి 22 డిగ్రీల మధ్య రెండు వారాలు ఉంచాలి. చల్లటి నేలమాళిగలో అయితే మూడు, నాలుగు వారాలు పట్టవచ్చు. క్వైక్‌తో కాచిన బీరైతే సీసాలను కూడా వేడిగా ఉంచాలి, లేకపోతే పాత్రలో నాలుగు రోజుల్లో ముగించిన ఈస్ట్ ఇక్కడ నెల రోజులు బద్ధకిస్తుంది. గాజు సీసాలతో పాటు ఒక ఖాళీ సోడా ప్లాస్టిక్ సీసాను కూడా నింపి పక్కన పెట్టుకోండి. వేలితో నొక్కి చూస్తే అది రాయిలా గట్టిపడిన రోజున మిగతావీ సిద్ధమైనట్టే. వాటిలో రెండింటిని తీసి రెండు రోజులు ఫ్రిజ్‌లో నిలబెట్టి, మడ్డి అడుగున పేరుకున్నాక, చివరి వేలెడంత బీరు సీసాలోనే వదిలేసి గ్లాసులోకి వంచుకోవచ్చు.